బోస్టన్ పాఠం.. తెనాలి స్కోరు బుక్

నేను ఇంతవరకు ఒక్క బేస్‌బాల్ మ్యాచ్ కూడా గ్రౌండ్‌కి వెళ్లి చూడలేదు. ఆ బ్యాట్ ఎంత బరువుంటుందో కూడా తెలీదు. కానీ 1941లో టెడ్ విలియమ్స్ అనే ఆటగాడు 185 హిట్లు కొట్టాడని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తా. ఎందుకంటే అలాంటి అంకెల కోసమే ఓ వేసవంతా తెనాలిలో మా డాబా మీదా, పక్క వీధి నెట్ సెంటర్‌లోనూ గడిపేశా.

అంకెలు నేర్చుకున్నా, బాగానే ఉంది. ఆ అంకెల వల్లే మా తమ్ముడు నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి కూడా చెప్తా. కాకపోతే ముందు బేస్‌బాల్ దగ్గర మొదలుపెట్టాలి.

సినిమా చూసి చేరా!

అది 2014 వేసవి. బీటెక్ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయి హాస్టల్ నుంచి ఇంటికొచ్చా. స్టాటిస్టిక్స్ పేపర్ ఎలా రాశానో నాకే తెలుసు. ‘పోతే సప్లీ రాసుకుందాంలే’ అని నాకు నేనే ధైర్యం చెప్పుకుంటున్న రోజులు. ఫార్ములాలన్నీ బట్టీ పట్టా. అవి ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటికి రాకముందు హాస్టల్లో ‘మనీబాల్’ సినిమా చూశాం. 2011లో వచ్చిన బ్రాడ్ పిట్ సినిమా. ఫైట్లు లేవు, పాటలు లేవు. డబ్బుల్లేని ఓ బేస్‌బాల్ టీమ్ లెక్కల సాయంతో పెద్ద టీమ్‌లకి చుక్కలు చూపిస్తుంది. నిజంగా జరిగిన కథ. ‘లెక్కలతో ఇంత పనవుతుందా?’ అని వెతుకుతుంటే ఎడెక్స్ సైట్‌లో ఓ కోర్సు కనపడింది. పేరు ‘సేబర్‌మెట్రిక్స్ 101’. చెప్పేది బోస్టన్ యూనివర్సిటీ, మాస్టారు పేరు ఆండీ ఆండ్రెస్. ఫీజు సున్నా.

సేబర్‌మెట్రిక్స్ అంటే కత్తిసాము అనుకునేరు! అమెరికాలో 1971లో ‘సొసైటీ ఫర్ అమెరికన్ బేస్‌బాల్ రీసెర్చ్’ అని ఓ సంఘం పెట్టుకున్నారు. దాని పొట్టి పేరు ‘సేబర్’. బేస్‌బాల్‌ని అంకెలతో, ఆధారాలతో పరిశీలించే పద్ధతికి ఆ పేరు మీదే సేబర్‌మెట్రిక్స్ అని పేరు పెట్టారు.

విషయం చెప్పగానే నాన్న పేపర్లోంచి తలెత్తి, ‘‘ఆ ఆట మన దగ్గర ఎవరాడతారమ్మా? దాని లెక్కలు నేర్చుకుని ఏం చేస్తావు?’’ అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. ‘‘ఫ్రీ నాన్నా’’ అన్నా. మా ఇంట్లో ఆ మాటకి తిరుగులేదు.

ఆ పరుగు ఎవరి ఖాతాలో?

మొదటి వారం నాకు సగం అర్థం కాలేదు. యాస ఒక సమస్య, ఆట రెండో సమస్య. వీడియోని ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసి.. పది నిమిషాల పాఠం గంట పట్టేది. మధ్యలో కరెంటు పోతే ఆ రోజుకి అంతే. కానీ చరిత్ర పాఠం దగ్గరికి వచ్చేసరికి నేనూ చుట్టాన్నే అనిపించింది. ఎందుకంటే బేస్‌బాల్ లెక్కల మూలాల్లో మన క్రికెట్ ఉంది!

హెన్రీ చాడ్విక్ అని ఒకాయన. 1824లో ఇంగ్లండ్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లాడు. పత్రికలకి క్రికెట్ వార్తలు రాసేవాడు. తర్వాత బేస్‌బాల్ మీద మనసు పడి, క్రికెట్ స్కోరు రాసే అలవాటుని అందులోకి తీసుకెళ్లాడు. ఇవాళ్టికీ అమెరికా పత్రికల్లో కనిపించే ‘బాక్స్ స్కోరు’కి రూపం ఇచ్చినవాళ్లలో ఆయనే ముఖ్యుడు.

అయితే ఆయన పద్ధతిలో ఓ చిక్కుంది. బేస్‌బాల్‌లో బంతి వేసేవాణ్ని పిచ్చర్ అంటారు. పిచ్చర్ నాలుగు బంతులు గీత దాటించి బయటికి వేస్తే, వాటిని ఆశపడి కొట్టకుండా వదిలేసిన బ్యాటర్ హాయిగా నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్లొచ్చు. దీన్ని ‘వాక్’ అంటారు. మరి ఆ గొప్ప ఎవరిది? చాడ్విక్ దృష్టిలో అది పిచ్చర్ తప్పు. బ్యాటర్ చేసిందేమీ లేదు. మన దగ్గర వైడ్ బాల్ లాగే అన్నమాట. పరుగు టీమ్‌కి వస్తుంది, ఎక్స్‌ట్రాల్లో పడుతుంది, బ్యాటర్ ఖాతాలో మాత్రం పడదు. 1887లో ఒక్క ఏడాది వాక్‌ని కూడా హిట్‌గా లెక్కేసి చూశారు. మరుసటి ఏడాది మానేశారు.

అలా బ్యాటింగ్ యావరేజీలో వాక్‌కి చోటు లేకుండా పోయింది. హిట్లని ‘ఎట్ బ్యాట్’లతో భాగిస్తే వచ్చేదే యావరేజీ. వాక్ వస్తే అది ఎట్ బ్యాట్ లెక్కలోకే రాదు. అంటే ఆ బ్యాటర్ అసలు బ్యాటింగ్‌కే రానట్టు!

ఇక్కడే పాఠం నాకు గుచ్చుకుంది. బేస్‌బాల్‌లో ఓవర్లు ఉండవు. మామూలుగా ఒక్కో టీమ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో దాంట్లో మూడు అవుట్లు, మొత్తం 27. ఆ 27 అయ్యేదాకా ఎంతసేపైనా ఆడొచ్చు. కాబట్టి బ్యాటర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్ని హిట్లు కొట్టావు?’ కాదు, ‘ఎన్నిసార్లు అవుట్ కాకుండా బేస్‌కి చేరావు?’. దాన్ని ఆన్ బేస్ పర్సంటేజీ అంటారు. హిట్లు, వాక్‌లు, బంతి ఒంటికి తగిలి బేస్‌కి వెళ్లినవి.. అన్నీ కలిపి లెక్కేస్తారు.

ఇప్పుడు టెడ్ విలియమ్స్ దగ్గరికి వద్దాం. 1941 సీజన్ ఆఖరి రోజు ఉదయానికి ఆయన యావరేజీ 0.39955. ఆ రోజు ఆడకుండా కూర్చుంటే చాలు, రౌండ్ చేసి 0.400 అని రాసేస్తారు. రెండు మ్యాచ్‌లున్నాయి. రెండూ ఆడాడు. ఎనిమిదింట ఆరు హిట్లు కొట్టి 0.406తో ముగించాడు. అమెరికన్, నేషనల్ లీగుల్లో ఆ తర్వాత ఎవరూ ఒక పూర్తి సీజన్‌లో 0.400 అందుకోలేదు.

అందరూ చెప్పుకునే కథ ఇది. కోర్సు నాతో చేయించిన లెక్క వేరు. ఆ ఏడాది ఆయనకి 147 వాక్‌లు వచ్చాయి. మూడుసార్లు బంతి ఒంటికి తగిలింది. అవి కూడా కలిపితే 606 సార్లలో 335 సార్లు బేస్‌కి చేరాడు. అంటే 0.553. సగం కన్నా ఎక్కువసార్లు ఆయన్ని అవుట్ చేయలేకపోయారు! ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు మాత్రం ఆయనకి రాలేదు. వరుసగా 56 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టిన జో డిమాజియోకి ఇచ్చారు. డిమాజియో తక్కువ వాడని కాదు. కానీ కొట్టింది అందరికీ కనిపిస్తుంది, వదిలేసింది ఎవరికీ కనిపించదు.

కాపలా కాస్తూ లెక్కలేసిన మనిషి

ఈ పద్ధతికి సేబర్‌మెట్రిక్స్ అని పేరు పెట్టింది బిల్ జేమ్స్. ఆయన ప్రొఫెసర్ కాదు, ఆటగాడూ కాదు. కాన్సాస్ రాష్ట్రంలో ఓ డబ్బా ఆహారాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా ఉద్యోగం. ఆ డ్యూటీలో కూర్చుని బాక్స్ స్కోర్లు తిరగేసి, ప్రశ్నలు రాసుకుని, 1977లో సొంత డబ్బులతో మొదటి పుస్తకం వేసుకున్నాడు. క్లబ్బులు చాలాకాలం పట్టించుకోలేదు.

ఆయన సూత్రాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది, మీరు ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తో ఇప్పుడే చేసి చూడొచ్చు. టీమ్ చేసిన పరుగుల వర్గాన్ని తీసుకోండి. దాన్ని చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం రెండూ కలిపిన మొత్తంతో భాగించండి. వచ్చేది ఆ టీమ్ గెలవాల్సిన మ్యాచ్‌ల నిష్పత్తి. ‘మనీబాల్’ టీమ్ ఓక్లాండ్ అథ్లెటిక్స్ 2002లో 800 పరుగులు చేసి, 654 ఇచ్చింది. లెక్కేస్తే 0.599. సీజన్‌కి 162 మ్యాచ్‌లు కాబట్టి 97 గెలవాలి. నిజంగా గెలిచింది 103. కేవలం రెండు అంకెలతో అంత దగ్గరికి వెళ్లడం నాకైతే మ్యాజిక్‌లా అనిపించింది. మిగిలిన ఆ ఆరు మ్యాచ్‌ల గురించి ఆలోచించడం ఇంకా బాగుంది. దగ్గరి మ్యాచ్‌లు గెలవడమా, అదృష్టమా?

ఓక్లాండ్ ఆ ఏడాది ఆటగాళ్లకి పెట్టిన ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్ ఖర్చు 12 కోట్ల పైనే. ఇద్దరూ గెలిచింది 103 మ్యాచ్‌లే! కిటుకు ఏంటంటే, మార్కెట్లో హిట్లకి ధర ఎక్కువ, వాక్‌లకి ధర తక్కువ. ఓక్లాండ్ ఆ తక్కువ ధర సరుకు కొనుక్కుంది. మోచేతి గాయంతో పాత స్థానంలో పనికిరాడన్న స్కాట్ హాటెబర్గ్‌ని తెచ్చుకుని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టింది. ఎందుకంటే అతను తొందరగా అవుట్ అవడు. ఆ ఏడాది సెప్టెంబర్ 4న ఓక్లాండ్ వరుసగా 20వ మ్యాచ్ గెలిచింది. ఆ గెలుపు కొట్టిన హోమ్ రన్ హాటెబర్గ్‌దే.

అదే ఏడాది బోస్టన్ రెడ్ సాక్స్ బిల్ జేమ్స్‌కి ఉద్యోగం ఇచ్చింది. 2004లో వరల్డ్ సిరీస్ గెలిచింది, 1918 తర్వాత మొదటిసారి.

అందరి యావరేజీ సున్నా!

కథలు వినడం తేలికే. అసలు పని ఎస్‌క్యూఎల్, ఆర్ దగ్గర మొదలైంది. మొదటిది డేటాబేస్‌ని ప్రశ్నలు అడిగే భాష, రెండోది స్టాటిస్టిక్స్ కోసం పుట్టిన భాష. డేటా ఏంటంటే లాహ్మన్ డేటాబేస్. 1871 నుంచి పెద్ద లీగుల్లో ఆడిన ప్రతి ఒక్కరి సీజన్ లెక్కలూ అందులో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు.

నెట్ సెంటర్లో ఫైలు దింపుకుని, ఇంట్లో పాత కంప్యూటర్లో ఎస్‌క్యూలైట్ ఎక్కించి, హిట్లని ఎట్ బ్యాట్‌లతో భాగించమని అడిగా. జవాబు వచ్చింది. అందరికీ సున్నా! టెడ్ విలియమ్స్‌కీ సున్నానే. ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నా. తీరా చూస్తే, రెండు పూర్ణాంకాలని భాగిస్తే అది దశాంశాలు తీసేసి పూర్ణాంకమే ఇస్తుందట. 185ని 456తో భాగిస్తే సున్నా పాయింట్ ఎంతో.. పాయింట్ తర్వాతదంతా పోయి సున్నా మిగిలింది. హిట్లని ముందు 1.0తో గుణిస్తే సరిపోయింది.

హమ్మయ్య అనుకుని, ‘ఎక్కువ యావరేజీ ఉన్నవాళ్లని వరుసలో చూపించు’ అని అడిగా. పైన అన్నీ నేనెప్పుడూ వినని పేర్లు. అందరికీ 1.000. అంటే ఆడిన ప్రతిసారీ హిట్! వీళ్లు టెడ్ విలియమ్స్ కన్నా గొప్పవాళ్లా? పక్క కాలమ్ చూశా. ఎట్ బ్యాట్లు ఒకటి, హిట్లు ఒకటి. ఆ సీజన్ మొత్తంలో ఒక్కసారి ఆడి, ఒక్కసారి కొట్టినవాళ్లు.

ఇలా జరక్కూడదనే పెద్ద లీగుల్లో బ్యాటింగ్ టైటిల్‌కి ఒక హద్దు పెట్టారు. టీమ్ ఆడే ప్రతి మ్యాచ్‌కి సగటున 3.1 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి ఉండాలి. 162 మ్యాచ్‌లకి అది 502. నేనూ ఆ హద్దు పెట్టి మళ్లీ అడిగితే, తెలిసిన పేర్లు వచ్చాయి. నవ్వుకున్నా. తక్కువసార్లు జరిగినదాన్ని చూసి తీర్పు చెప్పకూడదని అప్పుడే నాకు బుర్రకెక్కాల్సింది. ఎక్కలేదు.

తమ్ముడి 204 పరుగులు

మా తమ్ముడు అప్పుడు ఇంటర్. ఊళ్లో ఓ క్లబ్ తరఫున 40 ఓవర్ల లీగ్ ఆడేవాడు, ఓపెనర్. సరిగ్గా ఆ రోజుల్లోనే వాణ్ని టీమ్‌లోంచి తీసేశారు. వాడి యావరేజీ 17. ఆరో నంబర్లో ఆడే ఇంకో కుర్రాడి యావరేజీ 31. వాణ్ని పైకి తెచ్చి, మావాణ్ని పక్కన పెట్టారు.

అన్నం సరిగ్గా తినట్లేదు. ‘‘ఇంక ఆడను, కిట్ అమ్మేస్తా’’ అంటున్నాడు. ‘‘అక్కా, నీ అమెరికా లెక్కలు నాకు పనికొస్తాయా?’’ అని ఓ రాత్రి డాబా మీద అడిగాడు. సరదాగా అడగలేదు.

క్లబ్ స్కోరు బుక్ ఫొటోలు వాడి ఫోన్‌లో ఉన్నాయి. కూర్చున్నా. తమ్ముడు 12 ఇన్నింగ్స్, 12 సార్లూ అవుట్, 204 పరుగులు. యావరేజీ 17. ఆ కుర్రాడు కూడా 12 ఇన్నింగ్సే. 217 పరుగులు. అందులో ఐదుసార్లు నాటౌట్. క్రికెట్‌లో యావరేజీకి పరుగుల్ని అవుట్లతో భాగిస్తాం కదా, ఏడుతో భాగిస్తే 31. అంటే ఇద్దరికీ పరుగుల్లో తేడా మొత్తం 13!

ఎగిరి గంతేశా. బోస్టన్ పాఠం తెనాలిలో పనిచేసింది! తెల్ల కాగితం మీద గీతలు గీసి, టేబుల్ వేసి, ‘యావరేజీ తప్పుదోవ పట్టిస్తుంది’ అని హెడ్డింగ్ కూడా పెట్టా. మర్నాడు పొద్దున్నే వాడు ఆ కాగితం పట్టుకుని గ్రౌండ్‌కి పరిగెత్తాడు.

కోచ్ గారు కాగితం మొత్తం చదివారట. మడిచి తిరిగిచ్చి, ఒకే మాట అడిగారట. ‘‘బంతులెన్నిరా?’’

వాడి దగ్గర జవాబు లేదు. చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు.

ఇప్పుడు నిజం చెప్పాలి. బంతుల లెక్క నాకు తట్టలేదని కాదు. ఆ రాత్రే లెక్కపెట్టడం మొదలుపెట్టా. మూడు మ్యాచ్‌లు అయ్యేసరికి ఎటు పోతోందో అర్థమైంది. ఆపేశా. తమ్ముడు గెలవాలని ఉంది, అందుకే నాకు నచ్చిన కాలమ్ దగ్గరే ఆగిపోయా. వాడు తిరిగొచ్చాక మిగతాది లెక్కపెట్టా. వాడు 204 పరుగులకి ఆడింది 408 బంతులు. ఆ కుర్రాడు 217కి ఆడింది 241.

బేస్‌బాల్‌లో అయిపోయేది అవుట్లే. 40 ఓవర్ల క్రికెట్‌లో బంతులు కూడా అయిపోతాయి. ఆట మారితే ప్రశ్న మారాలి. నేను ప్రశ్న మార్చకుండా జవాబు మాత్రం తెచ్చా. ఏ కోర్సూ చేయని కోచ్ గారు సరైన ప్రశ్న అడిగారు.

తమ్ముడు ఏమీ అనలేదు. ఆ కాగితం నా కీబోర్డు మీద పెట్టి వెళ్లిపోయాడు. తొమ్మిది రోజులు.

ఒకే బ్యాటర్, పదివేల జాతకాలు

ఆ తొమ్మిది రోజుల్లోనే కోర్సులో యాదృచ్ఛికత గురించి చదివా. మా కాలేజీ సిలబస్‌లో బైనోమియల్ డిస్ట్రిబ్యూషన్ అని ఉండేది, దాన్ని నేను పది మార్కుల ప్రశ్నగానే చూశా. ఈసారి ఆర్‌లో ఒక ఉత్తుత్తి బ్యాటర్‌ని తయారుచేశా. ప్రతిసారీ హిట్ కొట్టే అవకాశం సరిగ్గా 30 శాతం. అంటే 0.300 బ్యాటర్, చాలా మంచివాడు. వాడి చేత 20 సార్లు ఆడించి, హిట్లు లెక్కపెట్టమన్నా. ఇలా 10,000 సార్లు.

ఫలితం చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయా. సుమారు పదింట ఒకసారి వాడు మూడు హిట్లకి మించి కొట్టలేదు. యావరేజీ 0.150 లేదా ఇంకా తక్కువ, టీమ్‌లోంచి తీసేసే అంకె. దాదాపు అన్నిసార్లే తొమ్మిది లేదా ఎక్కువ కొట్టాడు. 0.450 పైన, టెడ్ విలియమ్స్‌ని దాటేసే అంకె. బ్యాటర్ ఒక్కడే. వాడి సత్తా ఒక్క వెంట్రుక కూడా మారలేదు. మారింది అదృష్టం ఒక్కటే.

ఓక్లాండ్ కథ చివర కూడా ఇదే. 162 మ్యాచ్‌ల్లో 103 గెలిచిన ఆ టీమ్, ప్లేఆఫ్స్‌లో ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో మిన్నెసోటా చేతిలో 3-2తో ఓడి ఇంటికెళ్లింది. ఐదు మ్యాచ్‌ల్లో ఏదైనా జరగొచ్చు.

మరి 12 ఇన్నింగ్స్‌లో?

ఇంకోటి కూడా ఉంది. డెన్వర్‌లో కూర్స్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ గ్రౌండ్ సముద్ర మట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గాలి పలచన, బంతి దూరం పోతుంది. అక్కడ చేసిన పరుగుల్నీ, వేరేచోట చేసినవాటినీ ఒకే తక్కెడలో తూచకూడదని పాఠం. కొత్త బంతిని ఎదుర్కొనే ఓపెనర్‌నీ, అలసిన బౌలర్ల మీద ఆఖర్లో వచ్చే ఆరో నంబర్‌నీ నేను ఒకే తక్కెడలో పెట్టేశా. కోచ్ గారు అడిగిన ప్రశ్న సరైనదే, కానీ ఆ ప్రశ్నతోనూ కథ పూర్తి కాలేదు.

పదో రోజు డాబా మీదకి వెళ్లి, వాడి పక్కన కూర్చున్నా. ‘‘ఒరేయ్, నేను సగమే లెక్కపెట్టా. తెలిసే ఆపా. తప్పు నాది’’ అన్నా.

కాసేపాగి ‘‘తెలుసక్కా’’ అన్నాడు. ‘‘మిగతా సగం చెప్పు.’’

అంతా చెప్పా. నాటౌట్ల సంగతి నిజమే. బంతుల సంగతీ నిజమే. ఓపెనర్ కష్టమూ నిజమే. ‘‘వీటన్నిటినీ కలిపినా, 12 ఇన్నింగ్స్‌తో నువ్వు మంచి బ్యాటర్‌వో కాదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఇంకా ఆడితే తెలుస్తుంది.’’

‘‘టీమ్‌లో లేకుండా ఎలా ఆడతా?’’ అన్నాడు.

దీనికి ఏ వారం పాఠంలోనూ జవాబు లేదు. ఇప్పటికీ నా దగ్గర లేదు. అవకాశం వచ్చినవాడికే అంకెలు పోగవుతాయి. రానివాడు 12 దగ్గరే ఆగిపోతాడు.

కానీ స్కోరు బుక్‌లో ఇంకో కాలమ్ దొరికింది. ఆ 408 బంతుల్లో 290 డాట్ బాల్స్. ‘‘అవుటవడం కొంచెం అదృష్టం, డాట్ బాల్ కొంచెం నీ చేతిలో ఉంది కదరా’’ అన్నా. వాడు ఏమీ అనలేదు. కిట్ మాత్రం అమ్మలేదు. క్లబ్ రెండో టీమ్‌కి ఆడతానని కోచ్ గారిని వాడే అడిగాడు. ఆదివారాలు నేను బౌండరీ పక్కన చెట్టు కింద కూర్చుని స్కోరు రాశా. బంతులతో సహా.

మీరూ మొదలుపెట్టాలంటే..

కోర్సు పూర్తిచేశా. సర్టిఫికెట్ వచ్చింది, అప్పట్లో అదీ ఫ్రీనే. కాలేజీ స్టాటిస్టిక్స్ పేపర్ కూడా గట్టెక్కింది, అది మాత్రం చాడ్విక్ దయ కాదు, బట్టీ దయ! ఇప్పుడు హైదరాబాద్‌లో డేటా ఉద్యోగం చేస్తున్నా. ఆ ఒక్క సర్టిఫికెట్ వల్ల వచ్చిందని చెప్తే మళ్లీ సగం లెక్కే అవుతుంది. కానీ ఇంటర్వ్యూలో ‘అందరి యావరేజీ సున్నా’ కథ చెప్తే ఎదురుగా ఉన్నాయన నవ్వారన్నది నిజం.

ఆన్‌లైన్ కోర్సులు వస్తుంటాయి, పోతుంటాయి. సరుకు మాత్రం ఎక్కడికీ పోలేదు. లాహ్మన్ డేటాబేస్ ఇప్పటికీ ఉచితం. బంతి బంతికీ ఏం జరిగిందో కావాలంటే 1989లో మొదలైన ‘రెట్రోషీట్’ ఉంది, అదీ ఉచితం. ఆర్, ఎస్‌క్యూలైట్ రెండూ పైసా అడగవు. బేస్‌బాల్ మనకెందుకు అనుకుంటే ‘క్రిక్‌షీట్’లో అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఐపీఎల్ బంతి బంతి లెక్కలు దొరుకుతాయి. పాఠాలు ఫోన్‌లో వినండి, ప్రాక్టీస్ మాత్రం కంప్యూటర్ ముందు చేయండి. వారానికి ఒక ప్రశ్న చాలు. కాకపోతే ఆ ప్రశ్న నిజంగా మీరు తెలుసుకోవాలనుకున్నదై ఉండాలి. తెలుగు మీడియం అని వెనకాడకండి. పాఠంలో యాస అర్థం కాకపోయినా అంకె అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త. మీకు ఇష్టమైనవాళ్ల లెక్క వేసేటప్పుడు, మనసుకి నచ్చిన కాలమ్ దగ్గర పెన్ను ఆగిపోతుంది. అక్కడ ఆగకండి.

తమ్ముడు ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు. రంజీకి ఆడలేదు. ఆదివారం మ్యాచ్‌లు మాత్రం మానలేదు. ఏ ఆటగాడి గురించైనా నేను ఫోన్‌లో గొప్పగా ఏదో అంకె చెప్పబోతే, అటు నుంచి ఒకటే మాట వినిపిస్తుంది.

‘‘బంతులెన్ని అక్కా?’’